అత్తగారు నన్ను దొంగ అంటున్నారు, పొద్దువాలితే పుట్టింటికి వెళ్తానంటున్నారు: ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చీపురుపల్లి దగ్గర పల్లెలో మీరు, ఇద్దరు పిల్లలు, 74 ఏళ్ల అత్తగారు. మీ ఆయనకి విశాఖలో ఉద్యోగం, ఆదివారం వచ్చి వెళ్తారు. రెండేళ్ల కిందట డాక్టరు అల్జీమర్స్ అని చెప్పారు. ఇప్పుడావిడ చెవి దుద్దులు మీరే తీశారని వీధిలో అందరికీ చెబుతున్నారు. పొద్దువాలితే చీరలు మూటగట్టుకుని రాజాం దగ్గర పుట్టింటికి వెళ్తానని గేటు దగ్గర నిలబడుతున్నారు. స్నానానికి తీసుకెళ్తే రక్కుతున్నారు. గత పది రోజులుగా రాత్రిళ్లు అసలు పడుకోవడం లేదు, లేని మనుషులతో మాట్లాడుతున్నారు. "నిద్రమాత్ర వేయించనా? నేనేం చేశానని ఈ కోపమంతా నా మీదే?" అని అడిగారు.

నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. కానీ ఈ జబ్బు గురించి నాకు నేర్పింది ఉద్యోగం కాదు, మా అత్తగారు. తొమ్మిదేళ్లు చూసుకున్నాను. అందులో మొదటి రెండేళ్లు తప్పుగా చూసుకున్నాను.

అన్నిటికంటే ముందు మీరు రాసిన ఆ "పది రోజులు" అన్న మాట దగ్గర ఆగాలి. అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా ముదురుతుంది. పది రోజుల్లో మనిషి మారిపోతే మాత్రం జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకూడదు. ఒంట్లో ఇంకేదో జరుగుతూ ఉండొచ్చు. దానివల్ల ఉన్నట్టుండి మతి గజిబిజి కావడాన్ని డెలీరియం అంటారు. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం ఉండకపోవచ్చు, మంట అని చెప్పకపోవచ్చు. పైకి కనిపించేది రాత్రంతా మేలుకోవడం, ఏవేవో మాట్లాడటం, మీద పడటం మాత్రమే. నాలుగు రోజులు విరేచనం కాకపోయినా, ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోయినా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినా ఇలాగే అవుతుంది. ఆవిడకి షుగరు ఉంటే, మాత్ర వేసేసి అన్నం సరిగా తినకపోతే రక్తంలో షుగరు పడిపోయి తిట్టడం, కొట్టడం చేస్తారు. మా వార్డులో అలాంటి పెద్దాయన్ని ఒకరిని "పిచ్చి లేచింది" అని నలుగురు పట్టుకుని తెచ్చారు. షుగరు చూస్తే 42 ఉంది. గ్లూకోజు ఎక్కిస్తే కాసేపటికి లేచి కూర్చుని మంచినీళ్లు అడిగారు.

కాబట్టి రేపే తీసుకెళ్లండి. విజయనగరం పెద్దాసుపత్రి అయినా, శ్రీకాకుళం రిమ్స్ అయినా, మీకు దగ్గరున్న ఫిజీషియన్ అయినా ఫర్వాలేదు. మూత్ర పరీక్ష, షుగరు, రక్తంలో ఉప్పు తెలిపే సోడియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడమని అడగండి. ఈ మధ్య రెండు మూడు నెలల్లో ఎక్కడైనా పడి తలకి దెబ్బ తగిలిందా అన్నది గుర్తు తెచ్చుకుని చెప్పండి. పెద్దవాళ్లలో తల లోపల రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడటం ఉంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి, అన్నీ అంటే అన్నీ. జలుబుకి వాడే క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన మాత్రలు, దురదకి ఇచ్చే హైడ్రాక్సిజిన్, మూత్రం ఆగడం లేదని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటివి ఈ జబ్బున్న వాళ్ల బుర్రని ఇంకా గజిబిజి చేస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర వల్లే వారం రోజులు నిద్ర లేకుండా పోయిన ఇళ్లు నాకు తెలుసు. ఇది చదివేవాళ్లలో ఉద్దానం వైపు వాళ్లుంటే ఇంకో మాట. అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే అది కూడా మనిషిని అయోమయంలో పడేస్తుంది, మామూలు మోతాదు మాత్రలు కూడా ఒంట్లో నిలిచిపోతాయి. కిడ్నీ సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి.

ఇప్పుడు దుద్దుల సంగతి. మిమ్మల్ని ఎక్కువ కోసేది ఇదేనని రాసిన తీరులోనే తెలుస్తోంది.

అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినేది కొత్త జ్ఞాపకాన్ని దాచుకునే భాగం. నలభై ఏళ్ల కిందటిది ఉంటుంది, ఇవాళ పొద్దున్నది నిలవదు. ఆవిడ దుద్దులు ఎవరో తీసుకుపోతారని భయపడి ఎక్కడో దాస్తారు. దాచిన జ్ఞాపకం నిలవదు. కాసేపటికి చూస్తే పెట్టెలో దుద్దులు లేవు. దాచానన్నది గుర్తు లేనప్పుడు ఆవిడకి మిగిలే అర్థం ఒక్కటే, ఎవరో తీశారు. ఎవరు? రోజంతా కళ్ల ముందు తిరిగేది మీరే కదా. మీ మీద మనసులో ఏదో పెట్టుకుని అంటున్నారనుకోకండి. ఎవరు దగ్గరుండి చూసుకుంటారో నింద వాళ్ల మీదే పడుతుంది. కూతురు చూసుకునే ఇళ్లలో కూతుర్నే అంటారు.

నేను మొదట్లో ఏం చేసేదాన్నో చెబుతాను. "నేను తీయలేదు అత్తా, నువ్వే దాచావు" అని వాదించేదాన్ని. వెతికి తీసి, ముఖం ముందు పెట్టి, "ఇదిగో చూడు, ఎవరు దొంగ?" అనేదాన్ని. ప్రతిసారీ గెలిచేదాన్ని. ప్రతిసారీ ఆవిడ ఇంకా బెదిరిపోయేవారు. "ఏటే గుంటా, నన్ను ఎర్రిదాన్ని చేస్తన్నావా" అని ఏడ్చేవారు. ఒకరోజు మధ్యాహ్నం, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి కళ్లు మండుతున్నప్పుడు, పక్కింటావిడ ముందు నన్ను దొంగముండ అన్నారు. నేను చెయ్యి చేసుకున్నాను. భుజం మీద గట్టిగా కొట్టాను. పది నిమిషాల తర్వాత ఆవిడకి ఆ దెబ్బ గుర్తు లేదు. కానీ నాలుగైదు రోజులు నేను దగ్గరికి వెళ్తే భుజం వెనక్కి లాక్కునేవారు. ఎందుకో ఆవిడకే తెలియదు. అది చూశాక నాకు అర్థమైంది. జరిగిన సంగతి పోతుంది, దాని వల్ల పుట్టిన భయం ఉండిపోతుంది. ఆ తర్వాత ఏడేళ్లూ నేను ఏ పని చేసినా దాన్ని పట్టుకునే చేశాను. ఎందుకంటే అది మంచి వైపు కూడా పనిచేస్తుంది. నాతో నవ్విన సంగతి మరిచిపోతారు, ఆ నెమ్మది మాత్రం సాయంత్రం దాకా ఉంటుంది.

అందుకే మీరు తీయలేదని నిరూపించడం మానేయండి. "అయ్యో, దుద్దులు కనబడటం లేదా అత్తా? మావయ్య చేయించినవి కదా, పద వెతుకుదాం" అనండి. తీశానని ఒప్పుకోనక్కర్లేదు, లేదని వాదించనక్కర్లేదు. ఆవిడ దాచే చోట్లు మహా అయితే నాలుగైదు ఉంటాయి. బియ్యం డబ్బా, తలగడ గలీబు, దేవుడి గూడు, చీరల మడతలు. మీకు దొరికినా తీసి చూపించకండి. ఆవిడ చెయ్యి అటు వెళ్లేలా చేసి, ఆవిడకే దొరకనివ్వండి. అసలు బంగారం బ్యాంకు లాకర్లో పెట్టి అచ్చం అలాంటి గిల్టు దుద్దులు రెండు జతలు తెచ్చి ఉంచండి. డబ్బు గోల ఉంటే పది రూపాయల నోట్లు పెట్టిన చిన్న పర్సు ఇవ్వండి. వీధిలో నాలుగిళ్ల వాళ్లకి మీరే ముందు వెళ్లి, ఇది మెదడుకి వచ్చిన జబ్బని చెప్పండి. చెప్పుకుంటే పరువు పోతుందని నేను రెండేళ్లు దాచాను. దాచినన్నాళ్లూ వాళ్లు ఆవిడ మాటే నమ్మారు.

ఇక సాయంత్రం. వెలుగు తగ్గేసరికి గోడల మీద నీడలు సాగుతాయి, ఒళ్లు అలసిపోయి ఉంటుంది, పగలు రాత్రి లెక్క చూసే మెదడులోని గడియారం అప్పటికే చెడి ఉంటుంది. అదే సమయానికి ఇంట్లో పిల్లలు బడి నుంచి వస్తారు, టీవీ మోగుతుంది, కుక్కరు కూస్తుంది. మనకే తల తిరుగుతుంది. "నానింటికెల్పోతాను" అని మా అత్తగారు కూడా రోజూ లేచేవారు. ఆ ఇల్లు ఒక ఊళ్లో ఉన్న ఇల్లు కాదమ్మా. అమ్మ ఉన్న ఇల్లు, తనకి అన్నీ తెలిసిన ఇల్లు. "ఇదే నీ ఇల్లు" అంటే ఆవిడకి అబద్ధంగా వినిపిస్తుంది. "మీ అమ్మ పోయి ముప్పై ఏళ్లైంది" అంటే ఆ చావు కబురు అప్పుడే విన్నట్టు ఏడుస్తారు. రేపు మళ్లీ ఏడుస్తారు. ఆ మాట మాత్రం ఎప్పుడూ అనకండి. "రాజాం ఇంట్లో పెరడు ఉండేదా అత్తా? మీ అమ్మ ఏం వండేది?" అని అడగండి. మూట మీరు పట్టుకుని ఆవిడతో పాటు నడవండి. వీధి చివర దాకా వెళ్లి ఇంకో సందులోంచి తిరిగి రండి. గుమ్మం కనబడగానే "రా అత్తా, కాళ్లు కడుక్కుందువు" అనండి. చాలాసార్లు మామూలుగా లోపలికి వచ్చేస్తారు. ఇది మోసం కదా అని నాకూ మొదట్లో మనసు ఒప్పుకోలేదు. ఆవిడ భయం తగ్గడం కంటే నా మాట నెగ్గడం ముఖ్యం కాదని తర్వాత తెలిసింది.

చీకటి పడకముందే లైట్లు వేయండి. కార్తీక మాసం వచ్చిందంటే మన వైపు అయిదుంబావుకే పొద్దుగూకుతుంది, కాబట్టి నాలుగున్నరకే వేసేయండి. ఆ వేళకి కాస్త చోడంబలో (రాగి అంబలి), ఉప్మానో పెట్టండి. సగం గొడవ ఆకలే. మధ్యాహ్నం నిద్ర ముప్పావుగంట దాటనివ్వకండి, మూడు దాటాక టీ వద్దు. పొద్దుటి పూట ఎండ తగిలేలా అరుగు మీద కూర్చోబెట్టండి, రాత్రి నిద్రకి అది సాయం చేస్తుంది. కరెంటు పోయినప్పుడు వెంటనే అందేలా ఛార్జింగ్ లైటు ఒకటి ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో మా అత్తగారు ఎంత హడలిపోయారో నాకిప్పటికీ కళ్లలో కనబడుతుంది.

చేతులకి పని ఇవ్వండి. మా అత్తగారిది పొందూరు. వలుగ చేప దవడ ముల్లుతో పత్తి ఏకి, రాట్నం మీద సన్న నూలు వడికిన చేతులు. తన కొడుకు పేరు మరిచిపోయాక కూడా గుప్పెడు కొండపత్తి ముందు పెడితే గింజలు తీస్తూ గంటసేపు కూర్చునేవారు. మాట పోయినా చేతికి అలవాటైన పని చాలాకాలం ఉంటుంది. మీ అత్తగారు ఏ పని చేసి బతికారో మీకే తెలుసు. వత్తులు చేయడం, చింతపండు గింజలు తీయడం, కరివేపాకు దూయడం, తువ్వాళ్లు మడతపెట్టడం, ఏదైనా సరే. సరిగా చేయకపోయినా సరిదిద్దకండి. మడత పెట్టినవి విప్పి మళ్లీ ఇచ్చినా తప్పేం లేదు.

ఒక్కోరోజు మీ కళ్లు గప్పి వెళ్లిపోవచ్చు. గేటు లోపలి గడియ ఆవిడ చూపుకి అందని ఎత్తులోనో, బాగా కిందనో పెట్టించండి. మీ ఫోన్ నంబరు లోపలి లంగా అంచున దారంతో కుట్టండి. ఆటో స్టాండులో, టీ కొట్లో ఫొటో చూపించి ఉంచండి. తప్పిపోతే ముందు చెరువు గట్టు, బావి, రైలు పట్టాలు చూడండి. మీ ఊరి పక్కనుంచే హౌరా లైను వెళ్తుంది కాబట్టి ఇది మరీ చెబుతున్నాను. ఎవరో తెస్తారులే అని ఒక పూట ఆగకండి, వెంటనే 112కి ఫోన్ చేయండి.

స్నానం విషయంలో రోజూ చేయించాలన్న పట్టు వదిలేయండి. వారానికి రెండు మూడుసార్లు చాలు, మిగతా రోజుల్లో గోరువెచ్చని తడిగుడ్డతో చంకలు, గజ్జలు, వేళ్ల సందులు తుడిస్తే సరిపోతుంది. ఆవిడ రక్కేది మీ మీద పగతో కాదు. బట్టలు ఎవరో విప్పుతున్నారు, తడి నేల ఎంత లోతుందో తెలియడం లేదు, తల మీద నీళ్లు పడితే ఊపిరి ఆడటం లేదు. ఆ భయమే రక్కిస్తుంది. ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టండి. ఒంటి మీద పాత చీరో తువ్వాలో కప్పే ఉంచి, దాని కిందనుంచి రుద్దండి. నీళ్లు ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద, మెల్లగా పైకి. చెంబు ఆవిడ చేతికే ఇవ్వండి. తలంటు వేరే రోజు పెట్టుకోండి. "స్నానం చేస్తావా" అని అడిగితే వద్దనే అంటారు. "నీళ్లు కాగాయి అత్తా, రా" అంటే లేస్తారు. చెయ్యి ఎత్తితే మణికట్టు గట్టిగా పట్టుకోకండి, పట్టుకున్న కొద్దీ పెనుగులాట పెరుగుతుంది. ఒక బారెడు వెనక్కి జరగండి, ఆపేయండి, ఇరవై నిమిషాల తర్వాత వేరే ముఖంతో రండి. ఒకే చోట తాకినప్పుడల్లా కొడుతుంటే అక్కడ నొప్పి ఉందేమో చూడండి. మోకాలు, పుచ్చిన పన్ను, ఒరిసిన చర్మం. నొప్పి అని చెప్పే మాట ఆవిడకి అందడం లేదు.

నిద్రమాత్ర గురించి అడిగారు. అల్ప్రాజొలామ్ లాంటివి ఈ వయసులో తూలిపడేలా చేస్తాయి, తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్లీ లేవడం కష్టం. అయోమయం కూడా పెంచుతాయి. ఇంకా బలమైన మందులు, రిస్పెరిడోన్, క్వెటియాపిన్ వంటివి, డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న పెద్దవాళ్లలో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అసలు వాడకూడదని కాదు. తనకో, ఎదుటివాళ్లకో ప్రమాదం చేసేంతగా ఉండి, మిగతావన్నీ చేసినా తగ్గకపోతే మానసిక వైద్యులో, న్యూరాలజిస్టో తక్కువ మోతాదులో మొదలుపెట్టి, కొన్ని వారాలకి మళ్లీ చూసి తగ్గిస్తారు. ఏళ్ల తరబడి అదే చీటీతో కొనుక్కోవడమే తప్పు. రెండు సంగతులు మాత్రం డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఒకటి, అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ మాత్ర రాత్రి వేస్తున్నారా? కొందరికి దానివల్ల పీడకలలు వస్తాయి, పొద్దుటికి మార్చమని అడగండి. రెండు, ఈ పది రోజులకి ముందు నుంచే పిల్లలో మనుషులో కనబడుతున్నారని అనేవారా? నడక నెమ్మదించి ఒళ్లు బిగుసుకుంటోందా? అలాగైతే అది లూయీ బాడీ అనే ఇంకో రకం డిమెన్షియా కావచ్చు. ఆ రకంలో, ఉద్రేకం తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ ఇంజెక్షను ప్రాణం మీదికి తేవచ్చు.

లేని మనుషులతో మాట్లాడుతున్నారంటే గాలి సోకిందనో, చిల్లంగి పెట్టారనో ఊళ్లో ఎవరైనా అంటారు. పొగ వేయడం, వేపమండలతో కొట్టడం, కాలికి తాడు కట్టడం దాకా వెళ్లిన ఇళ్లు నేను చూశాను. మీ గుమ్మంలోకి ఆ మాట రానివ్వకండి.

చివరిగా మీ గురించి. మీరు ఆవిడ గురించి రెండు పేజీలు రాసి, మీ గురించి ఒక్క వాక్యం రాశారు, మూడు నెలలుగా సరిగా పడుకోలేదని. మీ ఆడపడుచు ఫోనులో "మాతో బాగానే మాట్లాడుతోందే" అంటున్నారని రాశారు. ఈ జబ్బున్న వాళ్లు చుట్టాల ముందు గంటో రెండు గంటలో కూడదీసుకుని బాగానే మాట్లాడతారు. ఫోనులో పది నిమిషాలైతే ఇంకా తేలిక. మీ ఆడపడుచుకి వివరించి ఒప్పించే పని పెట్టుకోకండి. రెండు రాత్రులు, మూడు పగళ్లు వచ్చి ఉండమనండి, మీరు పుట్టింటికి వెళ్లి పడుకోండి. మీ ఆయన ఆదివారం వచ్చి తల్లికి పళ్లు ఇచ్చి వెళ్లడం చాలదు. ఆ రోజు స్నానం ఆయనే చేయించాలి, సాయంత్రం గేటు దగ్గర ఆయనే నిలబడాలి. ఇది కోడలి బాధ్యత ఒక్కటే కాదని మెత్తగా కాదు, గట్టిగానే చెప్పండి. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం లెక్కన మన దేశంలో 60 దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా డిమెన్షియా ఉంది, అంటే సుమారు 88 లక్షల మంది. మీ ఇంటి తప్పు ఇందులో ఏమీ లేదు.

మీ చెయ్యి లేస్తుందనిపించిన క్షణాన ఆవిడ దగ్గర వేడివి, పదునైనవి లేకుండా చూసి మీరు పెరట్లోకి వెళ్లిపోండి. పొయ్యి ఆపి వెళ్లండి. అయిదు నిమిషాలు ఆవిడ అరుచుకున్నా ఏం కాదు. మీకు ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం టెలిమానస్‌కి ఫోన్ చేయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల విషయంలో సాయానికి 14567 ఉంది.

రేపు పరీక్షలు అయ్యాక ఫలితాలు, వాడుతున్న మాత్రల పేర్లు, ఏ మాత్ర ఏ పూట వేస్తున్నారో నాకు రాయండి. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఏ పని చేసేవారో అది కూడా రాయండి.